మెరుపు లేని కుండలు

మొన్న మా కోడలు ఏదో పత్రిక తిరగేస్తూ, "అత్తయ్యా, ఈ పూలకుండీ చూడండి, ఎంత బాగుందో" అని పేజీ నా ముందు పెట్టింది. విదేశాల్లో ఎప్పుడో చేసిన పాత కుండీ బొమ్మ అది. ముదురు పచ్చ రంగు, ఒంటి చుట్టూ నిలువుగా లేచిన ఆకులు, ఎక్కడా మెరుపన్నది లేదు. కోడలు కింద రాసినదేదో చదువుతూనే ఉంది. నేను పేజీ మీదినుంచి చూపు తిప్పుకున్నాను. "బాగుందిలే, పక్కన పెట్టు" అన్నాను. డెబ్బై దాటినదాన్ని, కాగితం మీది కుండీని చూసి భయపడ్డానంటే నవ్వుతుందని ఇంకేమీ చెప్పలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో అలాంటి కుండలకు భయపడనివాళ్ళు లేరు. మా అత్తకు భయం, నాకు భయం, అంట్లు తోమే ఆమెకు భయం. వాటిని తెచ్చిపెట్టిన మనిషికి అందరికంటే ఎక్కువ భయం. మావి ఒక రకం భయాలైతే ఆయనది ఇంకో రకం, అంతే తేడా.

ఆయన మా మామగారి తమ్ముడు. నేను చిన్నమామ అనేదాన్ని. ఎమ్మిగనూరు నుంచి నేను ఆదోనికి కోడలిగా వచ్చేసరికి ఆదోని బళ్ళారి జిల్లాను వదిలి కొత్తగా కర్నూలు జిల్లాలో కలిసింది. మా పుట్టింటివాళ్ళది మగ్గం బట్టల వ్యాపారం, వీళ్ళది పత్తి. మామగారు దుకాణంలో కూర్చునేవారు. చిన్నమామ పని పత్తి చూడటం. బస్తాలోంచి పిడికెడు దూది లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగులు సాగదీసి, కళ్ళు మూసుకుని, "ఇది కోడుమూరు పక్క పత్తి. పైన నీళ్ళు సల్లినారు" అనేవారట. బరువు కోసం ఎవరైనా తెల్లవారగానే నీళ్ళు చల్లి తెస్తే ఆ చెమ్మ ఆయన వేళ్ళ దగ్గర దాగేది కాదని ఊరంతా అనుకునేది.

మనిషి పొట్టి. నడిచేటప్పుడు పంచె కుచ్చిళ్ళను ఎడమచేత్తో కడుపుకు అదిమిపట్టి, కొంచెం పక్కవాటుగా నడిచేవారు. గదిలో కుండల పక్కన మసలేటప్పుడు పంచె చెంగు తగులుతుందేమోనని చేసుకున్న అలవాటు అది. పోనుపోను బజారులోనూ అదే నడక అయిపోయింది. మార్కెట్టులో హమాలీలు ఆయన వెనక అట్లాగే నడిచి నవ్వించేవాళ్ళు. ఆయనకు తెలుసు, పట్టించుకునేవారు కాదు.

కుండలు ఏడు. ఇంట్లో మేమందరం కుండలనే అనేవాళ్ళం. ఆయన మాత్రం ఇంగ్లీషులో పూలకుండీ అన్నట్టు "వాజు" అనేవారు. పాదిరీల మిషన్ బంగళాలో ఒక అమెరికా దొరసాని ఉండేదట, ఆమె నేర్పిన మాట. ఆమె సామాను సర్దుకుని సొంత దేశం పోతూ పోతూ మొదటి కుండను ఈయన చేతిలో పెట్టింది. అదీ ఈ పిచ్చికి మొదలు. ఆ తర్వాత దొరలు ఎక్కడ ఇల్లు ఖాళీ చేస్తున్నారని విన్నా పరుగు. బళ్ళారిలో వేలం, గుంతకల్లులో రైల్వే బంగళా, ఎక్కడో పత్తిమిల్లు మేనేజరు ఇల్లు. వెండి పళ్ళేలు, గాజు బుడ్లు అందరూ ఎగబడి కొనుక్కుపోతుంటే ఈయన మూలన మిగిలిపోయిన మెరుపు లేని కుండ తెచ్చేవారు. గంపలో దూది పరిచి, కుండను దాంట్లో కూరి, రైల్లో గంపను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఇంటికొచ్చేదాకా నీళ్ళు కూడా తాగేవారు కాదు.

మా అత్త లెక్క వేరు. తెల్లవాళ్ళు మనిషి పోతే కాల్చి బూడిదను ఇట్లాంటి కుండల్లో ఇంట్లోనే పెట్టుకుంటారని ఆమె ఎక్కడో విన్నది. ఇక అవి అవేనని తీర్మానించింది.

"మూత లేదు గదా వదినా. బూడిద పెట్టేదైతే మూత ఉండల్ల గదా" అనేవారు చిన్నమామ.

"మూత పారేసింటారు. అమ్ముకునేటోడు అన్నీ సెప్తాడా యేంది?"

"కడిగి సూసినా వదినా, ఏమీ ల్యాకుండె."

"కడిగితే పోతాదా అప్పా అది?"

ఆయన నవ్వుతూ గదిలోకి పోయేవారు. దయ్యాలు, దిష్టి, మైల, శకునం వీటన్నిటినీ ఆయన నవ్వుతూనే దాటేసేవారు. పిల్లి అడ్డమొస్తే దానికి దారి వదిలి, "పో నాయనా, నీకేం తొందరో" అనే రకం.

ఆయనతో నేను మొదటిసారి మాట్లాడింది నా తప్పు వల్లనే. కాపురానికి వచ్చిన నెల. ఇంట్లో ఉన్న రాగి, ఇత్తడి అంతా నేనే తళతళలాడించి మెప్పు సంపాదించాను. ఒకరోజు ఆయన గది తలుపు తీసి ఉంది. గూట్లో ఏడు పాత్రలు, ఒక్కదానికీ కళ లేదు. పాపం, ఆడదిక్కు లేని మనిషి, తోమేవాళ్ళు లేక ఇట్లా మాసిపోయాయనుకున్నాను. అందులో ఎత్తుగా ఉన్నదాన్ని తీసుకొచ్చి, చింతపండు, ఇటుకపొడి కలిపి కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టాను. ఎంత రుద్దినా మెరుపు రాదే! పట్టుదలగా ఒకేచోట రుద్దగా రుద్దగా రూపాయి బిళ్ళంత మేర కొంచెం నిగనిగలాడింది. సంతోషంతో తలెత్తితే ఆయన ఎదురుగా నిలబడి ఉన్నారు.

అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. నా పక్కన నేలమీద కూలబడి, నా చేతుల్లోంచి కుండను తీసుకోవడానికి కూడా భయపడి, "కింద పెట్టమ్మా. నిదానం. ముందు కింద పెట్టు" అన్నారు. పెట్టాను. ఆయన ఆ నిగనిగలాడే చోటును వేలితో తడిమి, "మెరుపు తెప్పించినావా తల్లీ" అన్నారు.

ఏడుపొచ్చింది నాకు. ఆయనే ఊరుకోబెట్టారు. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరేదాకా ఆగి, ఇంకో కుండ తెచ్చి నా ముందు పెట్టారు. పొట్టిగా, బొద్దుగా, బూడిదగుమ్మడికాయ రంగులో ఉంది. దొరసాని ఇచ్చింది అదేనట.

"సెయ్యి పెట్టి సూడు. బూడిదగుమ్మడికాయను తడిమినట్ల లేదా? ఇది మురికి కాదమ్మా. పూతే అట్లాంటిది. మెరిసే పాత్రలో నీ మొగమే నీకు కనపడతాది. దీంట్లో కుండ కనపడతాది." కుండను జాగ్రత్తగా బోర్లించి అడుగు చూపించారు. సూదితో గీసిన రెండు అక్షరాలు. "మీ ఊర్లో మగ్గాలు సూసినావు గదా. మిల్లు గుడ్డ వచ్చినాక మగ్గం పనికి ఏం గతి పట్టింది? ఆ దేశంలో గూడా అట్లనే అయిందంట. అప్పుడు కొందరు మొండోళ్ళు, మాకొద్దు మీ మిషన్లు, మీ తళుకు, మేం సేత్తోనే సేసుకుంటాం అని కూర్చున్నారంట. ఇది సేసినాయప్ప గీసుకున్న గుర్తు. ఎవురో ఏమో. ఈ పొద్దు నా ఇంట్లో ఉండాడు సూడు."

నాకు ఆయన చెప్పింది సగం అర్థమైంది. చేతికి చల్లగా తగిలిన ఆ పూత మాత్రం బాగా గుర్తుంది. ఆ సాయంత్రం అత్త నా చేతులకు పసుపునీళ్ళు పోసి కడిగించింది.

ఆదోని కొండ కింద రాళ్ళు కొట్టేచోట మిట్టమధ్యాహ్నం మందు పెట్టి పేల్చేవాళ్ళు. అంతకుముందు ఈల వేసేవాళ్ళు. ఆ ఈల వినపడే వేళకు చిన్నమామ ఇంట్లో ఉండాల్సిందే. బేరం సగంలో ఉన్నా, చేతిలో దూది ఉన్నా, పంచె పట్టుకుని పక్కవాటు నడకతో వచ్చేసేవారు. గూటికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చాచి, కళ్ళు మూసుకునేవారు. ఢాం అనగానే ఇంటి దూలాలు అదిరేవి. ఏడు కుండలూ చిన్నగా గలగలమనేవి. ఇంకొకటి, ఇంకొకటి. పేలుళ్ళు ఆగినాక "అయిపాయ" అని గట్టిగా ఊపిరి వదిలేవారు. రోజూ అదే. పోనుపోను నాకూ ఆ ఈల వింటే గుండె దడదడలాడేది, ఎందుకో తెలియకుండానే.

ఒకసారి మామగారు విసుక్కుని, "నీ పెండ్లాం ఉండింటే ఈ యేషాలు యేసుండవు" అన్నారు. చిన్నమామ చేతులు దించి బయటికి వెళ్ళిపోయారు. పెళ్ళైన రెండో ఏడు ఆయన భార్య పురిట్లో పోయిందని, బిడ్డా దక్కలేదని అత్త తర్వాత వంటింట్లో గుసగుసగా చెప్పింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

నా మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. నేరుగా మరిది గది ముందు నిలబడి, "ఆ బూడిద కుండలు ఈ ఇంట్లో ఉన్నంతకాలం ఈ ఇంట్లో బిడ్డ నిలబడదు" అంది. చిన్నమామ మొదటిసారి నవ్వలేదు. "అట్ల అనొద్దు వదినా. అమ్మాయి ఇంటాది" అన్నారు. నేను విన్నాను. విన్నాక నమ్మాను కూడా. ఆ గది ముందునుంచి పోవాల్సి వస్తే చెంగు కడుపుకు చుట్టుకుని, తల తిప్పుకుని పోయేదాన్ని. ఆయన అది గమనించినట్టున్నారు. మర్నాటి నుంచి గూటికి దుప్పటి కట్టి ఉంది.

మళ్ళీ నెల తప్పిన రోజుల్లోనే అవ్వ మంచం పట్టింది. అవ్వంటే మామగారికీ చిన్నమామకూ తల్లి. ఎనభై దాటింది, చూపు దాదాపుగా పోయింది, నోరు మాత్రం గట్టి. అవ్వ మంచం పట్టిన రోజునుంచీ చిన్నమామ భయం రూపం మారింది. అది అర్థం కావాలంటే మా ఇళ్ళల్లో పద్ధతి చెప్పాలి.

ఇంట్లో మనిషి పోతే పది దినాలు మైల. పదకొండో దినం శుద్ధి. ఆ రోజు రాగి, ఇత్తడి చింతపండు పెట్టి తోముకుంటారు. ఊరగాయ జాడీలు కడిగి ఎండబెట్టుకుంటారు. మట్టిపాత్ర మాత్రం ఒక్కటీ ఇంట్లో ఉండకూడదు. మట్టి మైలను పీల్చుకుంటుంది, ఎంత కడిగినా వదలదు. నీళ్ళకుండ, ఉప్పుకుండ, గింజల బాన, అన్నీ బయట పగలగొట్టి కొత్తవి తెచ్చుకోవాలి. ఇంతకుముందు ఆ ఇంట్లో చావు జరిగినప్పుడు చిన్నమామ కుండలు లేవు. ఇప్పుడున్నాయి. అవి మట్టివా, జాడీలాంటివా? జాడీలా మెరిసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టదు. ఆయనకు నచ్చిన ఆ మెరుపులేనితనమే ఆయన మెడకు చుట్టుకుంది.

"మట్టివే. సూస్తే తెలీదా?" అని అత్త అప్పుడే తేల్చేసింది.

ఆయన తల్లిని చూడటానికి రోజుకు పదిసార్లు వచ్చేవారు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవారు. "గంజి తాగిందామ్మా? ఎంత తాగింది?" అని నన్ను అడిగేవారు. అడుగుతూనే కళ్ళు గది తలుపు మీదికి పోయేవి. పోయినందుకు సిగ్గుపడి దించుకునేవారు. నాకు జాలేసింది. ధైర్యం చేసి, "చిన్నమామా, వాటిని ఎమ్మిగనూరులో మా నాయన ఇంట్లో పెట్టండి. మా అన్న వచ్చి తీసుకుపోతాడు" అన్నాను.

ఆయన నావైపు భయంగా చూశారు. "అమ్మ మంచంలో ఉండంగా వాటిని వాకిలి దాటిస్తే ఏమని అర్థమమ్మా? అమ్మ పోతాదని నేనే సెప్పినట్ల గదా. నేను అట్ల సెప్పను."

శకునాలను చూసి నవ్వే మనిషి ఆ వాకిలి దాటలేకపోయారు.

ఒక మధ్యాహ్నం నేను అవ్వకు గంజి పట్టిస్తున్నాను. ఆయన వచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడ్డారు. అవ్వ కళ్ళు తెరవకుండానే, "ఎవురు, చిన్నోడా? ఎన్నిసార్లు వస్తావురా? నా కోసం వస్తాండావా, ఆ కుండల కోసమా?" అంది.

నేను గంజి గిన్నె కింద పెట్టాను. ఆయన, "రెండిటికీ అమ్మా" అన్నారు.

అవ్వ పళ్ళులేని నోటితో నవ్వింది. "అబద్ధం సెప్పల్యా. అది సాలు నాకు. తీస్కపోయి యాడన్నా పెట్టుకో పోరా. నేనేమీ అనుకోను."

"నువ్వు ఈడ ఉన్నంతవరకు అవి ఈడనే ఉంటాయి."

"నేను పోయినాక?"

ఆయన తల్లి పాదాల మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డారు. ఈల వినిపించింది. కొండ కింద పేలుడు మొదలైంది. ఆ రోజు ఆయన గదిలోకి పోలేదు. గోడకవతల కుండలు గలగలమంటూ ఉంటే ఒక్కో చప్పుడుకూ ఆయన వేళ్ళు అవ్వ పాదాన్ని గట్టిగా పట్టుకోవడం నేను చూశాను.

నాకు ఐదో నెల పెట్టిన వారంలో, ఒక ఉదయం గంజి తాగి, మూతి తుడిపించుకుని, అటు తిరిగి పడుకున్న అవ్వ మళ్ళీ ఇటు తిరగలేదు. అన్నదమ్ములిద్దరూ గుండ్లు చేయించుకున్నారు. ఆ పది దినాలూ చిన్నమామ గది తలుపు తీయలేదు. మధ్యాహ్నం ఈల వినపడితే అరుగు మీద కూర్చున్న చోటునుంచి లేచేవారు కాదు. ఆయన గూటికి అడ్డం నిలబడినప్పటికంటే, ఇట్లా కదలకుండా కూర్చున్నప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

పదో రోజు పురోహితుడి ముందు మాట లేచింది. అత్త మట్టి అంది. పురోహితుడు పెద్దమనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేనివాడు. "రేపు పొద్దున వాటినిండా నీళ్ళు పోసి ఎండలో బండ మీద పెట్టండి. మధ్యాహ్నానికి అడుగున చెమ్మ దిగితే మట్టి. దిగకుంటే జాడీతో సమానం, ఉంచుకోవచ్చు" అన్నాడు.

"సరే సామీ" అన్నారు చిన్నమామ. అత్త కూడా సరేనంది.

పదకొండో రోజు ఆయనే ఒక్కొక్కటీ ఎత్తుకొచ్చి దొడ్లో బండ మీద పెట్టారు. ఆయనే నీళ్ళు పోశారు. ఆ తర్వాత అరుగు మీదికి పోయి, మళ్ళీ అటు చూడకుండా కూర్చున్నారు. కడుపుతో ఉన్నదాన్ని కాబట్టి నన్ను ఏ పనీ చేయనివ్వలేదు. గోడనీడన కూర్చుని, కాకులు కుండల మీద వాలకుండా చూడమన్నారు. ఇంట్లో ఉన్న కుండలూ బానలూ అన్నీ దొడ్డివాకిలి బయటికి పోతున్నాయి. అక్కడ పగులుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

నిజం చెప్పాలంటే, ఆ పొద్దు అన్నీ కారిపోవాలనే నేను మొక్కుకుంటున్నాను. నా కడుపులో బిడ్డ, నా ఎదురుగా ఏడు కుండలు. ఇవి పోతే నా బిడ్డ నిలుస్తుందని నా మనసులో గట్టిగా పడిపోయింది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నేను ఇటుకపొడితో తోమినదానికి ఏమీ కాలేదు. అది మొండిగా నిలబడింది. చెమర్చింది పొట్టిది, బూడిదగుమ్మడికాయ రంగుది. దాని పూతలో వెంట్రుక సన్నని బీటలు ఉండేవి. దాని అడుగున బండ నల్లబడుతూ, చుట్టూ గాజంత చెమ్మ తేలింది.

నా మొక్కు ఫలించింది. నేను సంతోషపడాలి. తల తిప్పి చూస్తే అరుగు మీద ఆయన, గుండుతో, తల్లి లేని మనిషి, తన కాలివేళ్ళను తనే చూసుకుంటూ కూర్చున్నారు. ఎందుకు చేశానో ఇప్పటికీ నాకు తెలియదు. లేచి, ఆ కుండ నీళ్ళు కొంచెం ఒంపి, అడుగు చెంగుతో తుడిచి, జానెడు అవతల పొడిగా ఉన్న చోట పెట్టాను. పాతచోట చెమ్మ మిగిలింది. పురోహితుడు దొడ్లోకి వస్తున్నాడు. నేను ఆ చెమ్మ మీద కాలు పెట్టి నిలబడ్డాను.

పురోహితుడు వంగి ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. "పొడిగానే ఉండాయి. ఉంచుకోవచ్చు" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. అత్త ముఖం మాడ్చుకుంది. దొడ్లో నేనొక్కదాన్నే మిగిలాను. చిన్నమామ లేచి వచ్చారు. మొదట పొట్టిదాన్నే ఎత్తారు. అడుగున వేలు పెట్టారు. తర్వాత నా ముందు నిలబడి, చాలా మెల్లగా, "కాలు తియ్యమ్మా" అన్నారు.

తీశాను. బండ మీద సగం చెరిగిన తడి మరక. ఆయన వంగి, దాన్ని రెండు వేళ్ళతో తాకి, దూదిపోగును చూసినట్టు బొటనవేలితో రుద్ది చూశారు. నావైపు చూశారు. కుండలో నీళ్ళు గోడవార వంపి, దాన్ని రెండు చేతులా పట్టుకుని దొడ్డివాకిలి దాటి వెళ్ళారు. మిగతా కుండల పెంకులన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్క చప్పుడు వినిపించింది. అంత చిన్న చప్పుడా అనిపించింది నాకు.

అత్త పరుగెత్తుకొచ్చింది. "ఏమప్పా, సామి ఉంచుకోమన్నాడు గదా!"

"చెమ్మ ఉండె వదినా. సామి కండ్లకు కనపల్యా. నా యేళ్ళకు తెలిసింది" అన్నారు. నా పేరు ఎత్తలేదు. మిగతా ఆరింటినీ లోపల పెట్టి, స్నానానికి పోయారు.

నాలుగు రోజులకు మా అన్న నన్ను పురిటికి ముందుగానే ఎమ్మిగనూరు తీసుకుపోవడానికి వచ్చాడు. చిన్నమామ బస్సు దాకా వచ్చారు. అన్న టిక్కెట్టు కోసం పోయినప్పుడు ఇక ఆగలేక అడిగాను. "చిన్నమామా, మీరు ఇవేవీ నమ్మరు గదా. ఎందుకు పగలగొట్టినారు?"

"నేను నమ్మను. నువ్వు నమ్ముతావు గదమ్మా" అన్నారు. కొంచెంసేపు బస్సు వచ్చే దారివైపు చూశారు. "మా ఆమె గూడా నమ్మేది. రెండు దినాలు నొప్పులు పడె. నేను తలుపు బయటనే ఉండా. లోపల ఒకటే మాట. నైవేద్యం పెట్టకముందే పూర్ణం ఓళిగ తిన్నా, అందుకే నాకిట్ల అయితాంది అని. ఒక్క ఓళిగమ్మా. ఎవురూ సూడల్యా, ఎవురూ అడగల్యా. దాన్నే తల్సుకొని తల్సుకొని భయపడి పాయ." పంచె కొసతో ముఖం తుడుచుకున్నారు. "నువ్వు పొయ్యేది గూడా అట్లాంటి గదికే. ఆ కుండ నీతో రాగూడదు అనుకున్నా."

బస్సు వచ్చింది. ఆయన మూట అందించి, "నిదానం" అన్నారు.

నాకు నొప్పులు ఒక తెల్లవారుజామున మొదలై, మర్నాటి మధ్యాహ్నానికి గానీ మా అమ్మాయి పుట్టలేదు. నడుమ మంత్రసాని నా ముఖం చూడటం మానేసి మా అమ్మ ముఖం చూడటం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది నాకు, చావు భయమంటే ఏమిటో. చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. అత్తను మనసులో తిట్టుకున్న తిట్లు, అక్క రవికెగుడ్డ దాచుకుని లేదన్నది, చిన్నప్పుడు గుడి ముందు బిచ్చగత్తెను చూసి నవ్వింది, పోయిన బిడ్డ కోసం అందరి ముందు ఏడవడానికి సిగ్గుపడింది. ఏదీ వదల్లేదు, అన్నీ వచ్చాయి. బండ మీద చెమ్మ దాచిన తప్పు మాత్రం వాటిలో లేదు.